చెక్‌పోస్టు దగ్గర ఆగే సంస్కరణలు

చదువులో అసమానత ఎలా పుడుతుందో పాఠంగా చెప్పే చోటూ, ఆ అసమానత రోజూ కళ్లెదుట తిరిగే చోటూ ఒకే తాలూకాలో ఉండడం అరుదు. బెంగళూరు అర్బన్ జిల్లా ఆనేకల్ తాలూకాలో రెండూ ఉన్నాయి. సర్జాపుర దగ్గర బురుగుంటెలో అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఉంది. బడికీ సమాజానికీ ఉన్న లంకె మీద దేశంలో శ్రద్ధగా పాఠాలు చెప్పే కొద్ది చోట్లలో అదొకటి. అక్కడి నుంచి బస్సెక్కితే గంటలోపే అత్తిబెలె. హోసూరు రోడ్డు మీద కర్ణాటక చివరి ఊరు అదే. చెక్‌పోస్టు, టోల్‌గేటు, పారిశ్రామిక వాడ. దాటితే జూజువాడి, తమిళనాడు.

బడి అసమానతల్ని తగ్గిస్తుందా, వాటికి ముద్ర వేసి పంపిస్తుందా అన్న ప్రశ్న మీద గత అరవై ఏళ్లుగా సమాజ శాస్త్రవేత్తలు చాలా రాశారు. ప్రభుత్వాలు చాలా చేశాయి. తెలుగు నేల మీద జరిగిన పరిశోధనలకూ ప్రయోగాలకూ అందులో పెద్ద చోటే ఉంది. ఇదంతా అత్తిబెలె దగ్గర నిలబడి చూస్తే నాకు ఒక వెలితి కనిపిస్తుంది. సిద్ధాంతాలు కులాన్నీ వర్గాన్నీ పట్టుకున్నాయి. సంస్కరణలు మాత్రం ఒక్కో రాష్ట్రం తన హద్దు లోపల, తన ఓటర్ల కోసం గీసుకున్నవి. పని వెతుక్కుంటూ ఆ హద్దు దాటిన కుటుంబపు పిల్ల ఏ సంస్కరణ లెక్కలోకీ రాదు.

ముందు ఊరి సంగతి. పాతవాళ్లు మొరసునాడు అని పిలుచుకునే నేల ఇది. ఆనేకల్, హోసూరు, కోలారు పక్కల తెలుగు తరతరాలుగా ఇంటి భాష. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడూ, 1956లో రాష్ట్రాలను భాషల వారీగా సర్దినప్పుడూ ఈ తెలుగువాళ్లు గీతకు ఇవతలా అవతలా ఉండిపోయారు. వీళ్లది మొదటి రకం తెలుగు. రెండో రకం అనంతపురం, కర్నూలు, పాలమూరు వైపు నుంచి ఇళ్ల కట్టుబడికీ, షెడ్లలో కూలికీ వచ్చినవాళ్లది. మూడో రకం ఎలక్ట్రానిక్ సిటీ ఉద్యోగాలు చేసుకుంటూ చందాపుర చుట్టూ అపార్టుమెంట్లు కొనుక్కున్నవాళ్లది. ముగ్గురి పిల్లలూ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఉదయం ఎనిమిదింటికి ముగ్గురూ మూడు దారులు పడతారు. ఒకరు నెల్లూరులోనో బెజవాడలోనో పుట్టిన కార్పొరేట్ విద్యా సంస్థ బెంగళూరు శాఖకు. ఒకరు సందులో రెండంతస్తుల ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడికి. ఇంకొకరు నడిచి వెళ్లే సర్కారు కన్నడ బడికి. మాతృభాష ఒక్కటే కాబట్టి, ఈ మూడు దారుల తేడాను భాష ఖాతాలో వేసి తప్పించుకోవడం ఇక్కడ కుదరదు.

ఈ తేడాను పరిశోధకులు మొదటిసారి పెద్ద ఎత్తున కొలిచిన ఏడాది 1966. ఆ జూన్ చివర్లో డి.ఎస్. కొఠారి కమిషన్ మన కేంద్ర ప్రభుత్వానికి నివేదిక ఇచ్చింది. జూలైలో అమెరికాలో జేమ్స్ కోల్‌మన్ నివేదిక వెలువడింది. ఆరు లక్షల పైచిలుకు పిల్లల్ని పరీక్షించిన కోల్‌మన్ బృందానికి ఊహించనిది తేలింది. బడి భవనం, లైబ్రరీ, ఖర్చు వీటి కంటే పిల్ల ఇంటి పరిస్థితీ, పక్కన కూర్చునే పిల్లల ఇళ్ల పరిస్థితీ మార్కుల్ని ఎక్కువగా నిర్ణయిస్తున్నాయి. కొఠారి కమిషన్ అంకెలతో కాకుండా ఆలోచనతో అక్కడికే వచ్చింది. పేదవాడి బిడ్డా కలవాడి బిడ్డా ఒకే పేట బడిలో చదవాలనీ, ఇరవై ఏళ్లలో దశలవారీగా అలాంటి సార్వజనిక బడుల వ్యవస్థను తేవాలనీ సిఫారసు చేసింది. ఆ ఇరవై ఏళ్లు 1986తో తీరిపోయాయి. తర్వాత వచ్చిన విధాన పత్రాలు ఆ మాటను గౌరవంగా తలుచుకుని పక్కకు జరిగాయి.

ఈ ఆలోచనకు మన దగ్గర ఇంకా పాత మూలం ఉంది. 1882లో హంటర్ కమిషన్ ముందు జోతీరావు ఫూలే పెట్టిన వాదన: రైతు కట్టే పన్నుతో పైకులాల ఉన్నత చదువు సాగుతోంది, ఊళ్లో ప్రాథమిక బడి ఎండిపోతోంది. సారం తీసుకుంటే ఇది ప్రభుత్వ విద్యా వ్యయం ఎవరికి చేరుతోందన్న ఆధునిక ప్రశ్నే. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి ఆది హిందువుల పిల్లలకు బడులు తెరిచింది ఆ ప్రశ్నకు చేతలతో చెప్పిన జవాబు. మైసూరు సంస్థానంలో 1918 నాటి మిల్లర్ కమిటీ వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాలూ విద్యార్థి వేతనాలూ కేటాయించాలన్నది. విద్యా సామాజిక శాస్త్రం పారిస్‌లోనో షికాగోలోనో పుట్టిందని మనం అనుకుంటాం. దాని సగం ప్రశ్నలు పూనాలో, మైసూరులో అప్పటికే లేచి ఉన్నాయి.

పాశ్చాత్య సిద్ధాంతాల్లో కొన్నింటిని త్వరగా దాటేయొచ్చు. టాల్కాట్ పార్సన్స్ 1959లో తరగతి గదిని ప్రతిభ ప్రకారం పిల్లల్ని వేరుచేసి సమాజంలో చోటు చూపించే యంత్రంగా చూశాడు. బౌల్స్, గింటిస్ 1976లో ఆ యంత్రం ఫ్యాక్టరీ కోసమే తిరుగుతోందన్నారు. గంట కొడితే లేవడం, చెప్పింది చేయడం, ఫలితాన్ని మార్కుల్లో చూసుకోవడం, ఇదంతా రేపటి కార్మికుడికి ముందస్తు తర్ఫీదు అని వాదించారు. అత్తిబెలె పారిశ్రామిక వాడ పక్కన ఈ మాట వినసొంపుగానే ఉంటుంది గానీ, ఇక్కడి పిల్లల్లో చాలామందికి స్థిరమైన ఫ్యాక్టరీ ఉద్యోగమే దొరకదు. కాంట్రాక్టరు కింద ఇవాళ ఒక షెడ్డు, రేపు ఇంకొకటి. గంట కొట్టినట్టు నడిచే జీవితానికి తయారుచేయడమే బడి తప్పయితే, ఇక్కడి తల్లులు దాన్ని మహాభాగ్యంగా తీసుకుంటారు.

పియరె బోర్ద్యూ దగ్గర కాస్త ఆగాలి. పస్సెరాన్‌తో కలిసి 1964లో ఒకటీ, 1970లో ఒకటీ రాసిన పుస్తకాల్లో ఆయన అన్నది ఇది: బడి అందరికీ ఒకే పాఠం చెప్పి, ఒకే పరీక్ష పెట్టి, అందుకే అన్యాయం చేస్తుంది. పాఠాన్ని అందుకోవడానికి కావలసిన మాటతీరు, నడత, పుస్తకంతో చనువు, ప్రశ్న అడిగే ధైర్యం కొందరికి ఇంట్లోనే అబ్బుతాయి. దాన్ని ఆయన సాంస్కృతిక పెట్టుబడి అన్నాడు. బడి దాన్ని తాను నేర్పదు, నేర్చుకుని వచ్చినవాణ్ణి మాత్రం తెలివైనవాడంటుంది. ఇంగ్లండులో బాసిల్ బెర్న్‌స్టీన్ ఇదే విషయాన్ని మాటల వాడుకలో చూపించాడు. మొరసునాటి పిల్లకు ఇది రెండు మెట్లుగా ఎదురవుతుంది. ఇంట్లో మాట్లాడేది ఇక్కడి తెలుగు, బడిలో చదివేది పుస్తకాల కన్నడ, పెద్ద బడికి వెళితే కావలసింది టీవీ ఇంగ్లీషు. ఏ మెట్టు దగ్గరా ఆ పిల్ల ఇంటి నుంచి తెచ్చుకున్నది చెల్లదు. అపార్టుమెంటు పిల్ల ఇంట్లో తల్లి ఇంగ్లీషులో కథ చదివి పడుకోబెడుతుంది. ఆ పిల్ల తెచ్చుకున్నది మొదటి రోజు నుంచే చెల్లుతుంది.

బోర్ద్యూను చదివి నీరసపడేవాళ్లున్నారు, అంతా ముందే రాసిపెట్టి ఉన్నట్టు. నాకు అంతకంటే పనికొచ్చేదిగా తోచింది అంతగా పేరు మోయని ఒక చిన్న సిద్ధాంతం. 1993లో రాఫ్టరీ, హౌట్ అనే ఇద్దరు ఐర్లండ్ లెక్కలు చూసి ఒకటి గమనించారు. ఒక స్థాయి చదువు అందరికీ తెరుచుకున్నా, పైవర్గం పిల్లలందరూ ఆ స్థాయికి చేరి నిండిపోయేదాకా కింది వర్గానికి తేడా తగ్గదు. 2001లో శామ్యూల్ లూకస్ దానికి ఇంకో మాట చేర్చాడు. అందరూ ఒకే స్థాయికి చేరిన తర్వాత కూడా, కలవాళ్లు ఆ స్థాయిలోనే మేలురకం చదువును వెతుక్కుంటారు. అసమానత పోదు, గది మారుతుంది.

తెలుగు రాష్ట్రాల గత నలభై ఏళ్ల చరిత్రను ఇంతకంటే బాగా చెప్పిన వాక్యం నాకు కనపడలేదు. బడికి పోవడమే హోదాగా ఉన్న రోజులు పోయాయి, అందరూ పోతున్నారు. అప్పుడు హోదా కాన్వెంటుకు చేరింది. ఊరూరా కాన్వెంటు వెలిశాక టెక్నో, ఒలింపియాడ్, ఐఐటీ ఫౌండేషన్ అన్న బోర్డులు వచ్చాయి. 1979లో నెల్లూరులో నారాయణ, 1986లో విజయవాడలో శ్రీచైతన్య మొదలయ్యాయి. ఇంటర్మీడియట్ కోచింగుతో మొదలైన ఆ నమూనా ఆరో తరగతిలోకి, తర్వాత ఒకటో తరగతిలోకి దిగి, ఇవాళ బెంగళూరు శివార్లలో తెలుగువాడి ఎగుమతిగా నిలబడింది. పక్కింటివాడు ఇంగ్లీషు మీడియం దాకా వచ్చాడంటే మనం ఫౌండేషన్ దాకా పోవాలి. ఈ పందెంలో ఎవరినీ తిట్టి లాభం లేదు. ఒక్కో ఇల్లూ తన లెక్కలో సరిగానే ఆలోచిస్తోంది.

ఈ పరుగులో నిజంగా లాభం ఎంత? దానికి ప్రపంచమంతా ఉటంకించే జవాబు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల నుంచే వచ్చింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఐదు జిల్లాల్లోని 180 ఊళ్లలో ఒక ప్రయోగం నడిపి, ఫలితాల్ని 2015లో ప్రచురించారు. సర్కారు బడి పిల్లల్లో లాటరీ తీసి, గెలిచినవాళ్లకు ఊళ్లోని ప్రైవేటు బడి ఫీజు కట్టారు. రెండేళ్ల తర్వాత, మళ్లీ నాలుగేళ్ల తర్వాత పరీక్ష పెడితే తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు, సైన్సు, సోషల్ దేంట్లోనూ గెలిచినవాళ్లకూ ఓడినవాళ్లకూ తేడా రాలేదు. ప్రైవేటు బడి మాత్రమే నేర్పే హిందీలో మాత్రం గెలిచినవాళ్లు బాగా ముందున్నారు. ప్రైవేటు బడికి పిల్లకు అయ్యే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు.

ఈ ఫలితాన్ని రెండు పక్షాలూ తమదిగా వాడుకున్నాయి. ప్రైవేటు బడి గొప్పేమీ కాదని ఒకరు, అంతే చదువు మూడో వంతు ఖర్చుకు చెబుతోందని ఇంకొకరు. రెండూ నిజమే. ఆ చవక ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం మరిచిపోకూడదు: ప్రభుత్వ టీచరు జీతంలో చిన్న ముక్కకు పనిచేసే డిగ్రీ చదివిన ఆడపిల్లల నుంచి. అసమానతను తగ్గించే పనిని ఇంకో అసమానత మోస్తోంది.

2002 నుంచి మూడు వేల మంది తెలుగు పిల్లల వెంట నడిచిన యంగ్ లైవ్స్ అధ్యయనం ఇంటి లోపలి మాట బయటపెట్టింది. ప్రైవేటు బడికి పంపే స్తోమత ఒక్కరికే ఉంటే ఆ ఒక్కరు కొడుకయ్యే అవకాశం ఎక్కువ. ఒకే గుమ్మం నుంచి వాడు వ్యాన్ ఎక్కితే కూతురు నడిచి పోతుంది. మన సర్కారు బళ్లలో ఆడపిల్లలు ఎక్కువ కనిపించడం చూసి ఆడపిల్లల చదువు పెరిగిందని సంబరపడే ముందు ఈ సంగతి గుర్తుండాలి.

ఇంగ్లీషు గొడవకు వద్దాం. దీని మీద జరిగినంత చర్చ దేని మీదా జరగలేదు, తేలింది మాత్రం తక్కువ. కర్ణాటకలో బడిలో కన్నడకు మొదటి చోటు ఇవ్వాలన్న గోకాక్ కమిటీ, దాని అమలు కోసం 1982లో నటుడు రాజ్‌కుమార్ ముందు నడిచిన ఉద్యమం, 1994లో నాలుగో తరగతి దాకా మాతృభాష లేదా కన్నడమే మాధ్యమం అన్న ఉత్తర్వు. రెండు దశాబ్దాల కోర్టు పోరు తర్వాత 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, మాధ్యమాన్ని ఎంచుకునే హక్కు తల్లిదండ్రులదేనని తేల్చింది. ఆంధ్రప్రదేశ్ ఎదురు దిక్కు నుంచి వచ్చి అదే గోడకు తగిలింది. సర్కారు బడులన్నీ ఇంగ్లీషు మీడియం కావాలన్న 2019 ఉత్తర్వును 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత తల్లిదండ్రుల్ని అడిగితే 96 శాతం మంది ఇంగ్లీషే కావాలన్నారని ప్రభుత్వం చెప్పింది.

ఆ 96 శాతాన్ని మోజు అని తీసిపారేసే మేధావులతో నాకు పేచీ ఉంది. తన పిల్లల్ని తెలుగు మీడియంలో చదివించనివాడికి కూలివాడి కోరికను తప్పు పట్టే అర్హత లేదని దళిత బహుజన మేధావులు పాతికేళ్లుగా అంటున్నారు, దానికి ఇంతవరకు సరైన జవాబు రాలేదు. అదే సమయంలో, ఇంగ్లీషు మీడియం బోర్డు పెట్టినంత మాత్రాన ఇంగ్లీషు రాదన్నదీ అంతే నిజం. ఆంధ్రలో తెచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకం నాకు నచ్చిన మధ్యేమార్గం. ఎడమ పేజీలో ఇంగ్లీషు, కుడి పేజీలో అదే పాఠం తెలుగులో. సైన్సు పాఠం మధ్యలో తడబడ్డ పిల్ల కళ్లు పక్క పేజీకి జరిపి మళ్లీ వెనక్కి వస్తుంది. టీచరు కూడా అదే చేస్తుంది, ఒప్పుకోకపోయినా. అత్తిబెలె తెలుగు పిల్లకు అలాంటి పుస్తకం లేదు. ఆ పిల్లకు కుడి పేజీలోనూ పరాయి భాషే. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించాలని రాజ్యాంగంలోని 350ఏ అధికరణం 1956 నుంచి రాష్ట్రాలకు చెబుతూనే ఉంది. చెక్‌పోస్టుకు అవతల హోసూరు తెలుగు బడుల వాళ్లు 2006 నాటి తమిళ అభ్యసన చట్టం వచ్చాక పదో తరగతి తమిళ పరీక్ష నుంచి మినహాయింపు కోసం సుప్రీంకోర్టు దాకా తిరగాల్సి వచ్చింది.

కోర్టులతో పని లేకుండా, చప్పుడు చేయకుండా హద్దు దాటిన సంస్కరణ ఒకటుంది. దాని గురించి వివరంగా చెప్పాలి. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ జిడ్డు కృష్ణమూర్తి పేరుతో ముడిపడిన బడి, కలవాళ్ల పిల్లలు చదివే ఆశ్రమ పాఠశాల. దాని చుట్టుపక్కల పల్లెల్లో ఒక్క టీచరు నాలుగు తరగతులకు చెప్పే చిన్న తెలుగు బళ్ల కోసం పద్మనాభరావు, రమ దంపతులు ఒక పద్ధతి తయారుచేశారు. పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి వందలాది కార్డులు చేశారు. ఏ కార్డు తర్వాత ఏదో చూపే నిచ్చెన పటం గోడకు తగిలించారు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె టీచర్లు వచ్చి దీన్ని చూసి వెళ్లి, యునిసెఫ్ సాయంతో కన్నడలో నలి-కలి మొదలుపెట్టారు. 2009-10 నాటికి అది రాష్ట్రమంతటా సర్కారు కన్నడ బళ్లలో చిన్న తరగతులకు చేరింది. అవతల చెన్నై కార్పొరేషన్ బళ్ల నుంచి తమిళనాడంతా పాకింది కూడా ఈ పద్ధతి వారసత్వమే.

ఆనేకల్ తాలూకాలో ఏ సర్కారు బడి చిన్న తరగతికి వెళ్లినా దీని రూపం కనపడుతుంది. ఒకటి నుంచి మూడో తరగతి దాకా పిల్లలు కలిసే కూర్చుంటారు. గోడల కింది భాగమంతా పిల్లల ఎత్తుకు నల్లబల్ల. తలపైన దారాల పందిరి, దానికి వేలాడే కాగితపు పూలు, బొమ్మలు, అక్షరాల కార్డులు. పిల్లలు ఐదు గుంపులు. ఒక గుంపుకు టీచరు పూర్తిగా దగ్గరుండాలి, ఒకదానికి సగం. రెండు గుంపులు తోటి పిల్లల సాయంతో నడుస్తాయి, ఇంకొకటి సొంతంగా. పది రోజులు బడి మానేసిన పిల్ల తిరిగి వచ్చి నిచ్చెన మీద తాను ఆగిన మెట్టు నుంచే ఎక్కుతుంది. తరగతి తనను దాటి వెళ్లిపోలేదు. కూలి కుటుంబాల పిల్లలకు దీన్ని మించిన ఏర్పాటు నేను చూడలేదు. బోర్ద్యూ అడిగిన ప్రశ్నకు, ఇంటి నుంచి తెచ్చుకోని దాన్ని బడే నేర్పడం ఎలా అన్నదానికి, మదనపల్లె పల్లెలు చెప్పిన జవాబు ఇది.

మరి తల్లిదండ్రులు ఎందుకు పరుగెత్తి రావడం లేదు? పుస్తకం లేదు, హోంవర్కు లేదు, వరసల్లో బెంచీలు లేవు, పిల్లలు నేల మీద ఆడుకుంటున్నట్టు ఉంటుంది. ఫీజు కట్టిన బడిలో పిల్ల ఏబీసీడీలు నాలుగు పేజీలు రాసి తెస్తుంది, చదువు జరిగిందని చేతికి కనిపిస్తుంది. టీచర్లకు కూడా కొంత విసుగుంది. కార్డులు చిరుగుతాయి, కొత్తవి ఆలస్యంగా వస్తాయి, ముగ్గురు టీచర్లు ఉండాల్సిన చోట ఇద్దరే ఉంటారు. ఐదు గుంపుల లెక్క టీచర్లు నిండుగా ఉన్న బడికి రాసింది. ఇంకో చిక్కు కూడా నాకు కనిపిస్తుంది. పేదవాడి బడికి మాత్రమే వాడిన పద్ధతికి, ఎంత గొప్పదైనా, పేదరికం వాసన అంటుకుంటుంది.

ఆ వాసన అంటుకోకుండా అందరి పిల్లల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టడానికే విద్యాహక్కు చట్టం 2009లో 12(1)(సి) సెక్షన్ పెట్టింది: ప్రైవేటు బడి తొలి తరగతిలో నాలుగో వంతు సీట్లు పేద, అణగారిన వర్గాల పిల్లలకు, ఫీజు ప్రభుత్వానిది. ఇలాంటి ఏర్పాటు వల్ల ఏం జరుగుతుందో ఢిల్లీ బళ్లలో గౌతమ్ రావు చేసిన పరిశోధన చూపింది. పేద సహపాఠులున్న తరగతుల్లో కలవాళ్ల పిల్లల మార్కులకు పెద్ద నష్టం రాలేదు, ఉదారత పెరిగింది, పేద పిల్లల్ని దూరం పెట్టే గుణం తగ్గింది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సీట్లు ఆచరణలోకి రావడానికి 2022 పట్టింది. కర్ణాటక 2012లోనే మొదలుపెట్టి, ఏటా లక్షకు పైగా సీట్లు ఇచ్చే స్థాయికి వెళ్లి, 2019లో నియమం మార్చింది. చుట్టుపక్కల సర్కారు బడి ఉంటే ప్రైవేటు సీటు లేదు. సర్కారు బడి లేని పేట ఎక్కడుంది? సీట్లు వేలల్లోకి పడిపోయాయి.

ప్రభుత్వం చెప్పిన కారణం కొట్టిపారేయాల్సింది కాదు. తన డబ్బుతో తన బడినే ఖాళీ చేసుకుంటున్నానని అన్నది. ఇక్కడ ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో రాసింది పనికొస్తుంది. ఒక సంస్థ చెడుతుంటే జనం ముందు రెండు దారులుంటాయి, వదిలి వెళ్లడం లేదా నిలబడి అడగడం. గట్టిగా అడగగలిగినవాళ్లే ముందుగా వెళ్లిపోతే, మిగిలినవాళ్ల గొంతు వినపడదు. ఆంధ్ర ప్రయోగంలో వెనక ఉండిపోయిన పిల్లల మార్కులు తగ్గలేదన్నది నిజమే, దాన్ని దాచకూడదు. కానీ మార్కు వేరు, మరుగుదొడ్డికి నీళ్లు రావడం లేదని హెడ్‌మాస్టరును నిలదీసేవాళ్లు ఉండడం వేరు. అత్తిబెలె లాంటి చోట స్థానికంగా స్థిరపడినవాళ్లు, పంచాయతీలో మాట చెల్లేవాళ్లు వ్యాన్లకు మారిపోయారు. నగరం అంచున సర్కారు బడి ఎక్కువగా వలస కూలీల బడి అయింది. తెలుగు, తమిళం, ఉత్తర కర్ణాటక కన్నడ, ఈ మధ్య హిందీ, ఒడియా. ఏ రాజకీయ నాయకుడికీ వాళ్లు ఓటు బ్యాంకు కారు.

పిల్లను ఇంటి నుంచే తీసుకుపోయి చదివించడం మరో దారి. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్న 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకులం, తర్వాత సాంఘిక సంక్షేమ గురుకులాలు, కర్ణాటకలో మొరార్జీ దేశాయి వసతి పాఠశాలలు ఈ వరసలోవి. 2014లో పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కిన తర్వాత తెలంగాణ గురుకులాల పేరు దేశమంతా తెలిసింది. ఇల్లే అసమానతకు మూలమైతే ఇంటినే మార్చేద్దామన్న ఆలోచన ఇది. దీనివల్ల బాగుపడిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. సీటు రాని తమ్ముడు చెల్లెలు మాత్రం ఊళ్లో ఆ పాత బడిలోనే ఉంటారు.

ఇప్పుడు హద్దు దాటిన పిల్లను ఈ పథకాలన్నింటి పక్కన నిలబెట్టి చూద్దాం. తల్లిదండ్రులతో అనంతపురం నుంచి అక్టోబరులో వచ్చింది అనుకుందాం. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ ఆ పిల్లను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోమంటుంది. ఐదో సెక్షన్ టీసీ రాలేదని చేర్పించుకోకుండా ఆపొద్దంటుంది. ఇంతవరకు బాగుంది. కర్ణాటకలో పిల్లల వివరాలు శాట్స్ అనే వ్యవస్థలో ఎక్కించాలి, ఆంధ్రలో రికార్డు వేరే వ్యవస్థలో ఉంటుంది. రెండూ కలిసేలోపు పిల్ల బడిలో కూర్చుంటుంది గానీ కాగితం మీద ఉండదు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు దొరుకుతుంది, అది సంతోషం. బురుగుంటె విశ్వవిద్యాలయాన్ని నడిపే అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్‌తో 2024లో కుదిరిన ఒప్పందం వల్ల కర్ణాటక బళ్లలో వారానికి ఆరు రోజులు గుడ్డు పెడుతున్నారు.

డబ్బు సాయం దగ్గరికి వస్తే గీత గట్టిపడుతుంది. 2020 జనవరిలో ఆంధ్రలో మొదలైన అమ్మ ఒడి పిల్లను బడికి పంపే తల్లికి ఏటా 15,000 రూపాయలు ప్రకటించింది. సర్కారు బడైనా ప్రైవేటైనా ఫరవాలేదు గానీ, 75 శాతం హాజరు కావాల్సి వచ్చేది, బడి మాత్రం ఆంధ్రలోనే ఉండాల్సి వచ్చేది. అమ్మ వెంట అత్తిబెలె వచ్చిన పిల్ల ఆ లెక్కలోంచి జారిపోయింది. అవ్వ దగ్గర ఊళ్లో వదిలేసి వస్తే డబ్బు వచ్చేది, తల్లి దూరమయ్యేది.

కులం సంగతి ఇంకా కఠినం. తెనాలిలో పుట్టి, తొమ్మిదేళ్లప్పుడు తండ్రి ఉద్యోగం వెంట బొంబాయి వెళ్లిన మర్రి చంద్రశేఖరరావు అక్కడి వైద్య కళాశాలలో గిరిజన కోటా సీటు అడిగితే కాదన్నారు. 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ఒక రాష్ట్రంలో షెడ్యూల్డ్ తెగ అయినవారు వలస వెళ్లిన రాష్ట్రంలో ఆ హోదాను వెంట తెచ్చుకోలేరని తీర్పిచ్చింది. జాబితా ఆ రాష్ట్రానికి సంబంధించి తయారైనదని కారణం చెప్పింది. చట్టపరంగా తర్కం ఉంది. సమాజపరంగా చూస్తే, వివక్ష చెక్‌పోస్టు దగ్గర బస్సు దిగిపోతుందని అనుకోవాలి.

చదువు చివర కోటాలూ అంతే. కర్ణాటక వృత్తివిద్యా ప్రవేశ పరీక్ష సీఈటీలో పల్లె బళ్లలో ఒకటి నుంచి పది దాకా చదివినవాళ్లకు 15 శాతం, కన్నడ మాధ్యమంలో చదివినవాళ్లకు 5 శాతం సీట్లున్నాయి. అత్తిబెలె పురసభ అయ్యాక ఊళ్లో బడికి పోతే పల్లె కిందికి రాదు, రెండు కిలోమీటర్ల అవతలి పంచాయతీ బడికి పోతే వస్తుంది. అదే హద్దుకు ఆవల తమిళనాడు 2020లో సర్కారు బడి పిల్లలకు వైద్య సీట్లలో 7.5 శాతం కేటాయించింది. నీట్ వచ్చాక వేళ్ల మీద లెక్కపెట్టేంత మందికే దొరికిన సీట్లు ఒక్కసారిగా వందల్లోకి చేరాయి. ఈ ఒక్క చర్య తమిళనాడు సర్కారు బడికి తెచ్చిన పరువు, భవనాలకు రంగులు వేస్తే రాదు. జూజువాడి పిల్లకు ఆ దారి ఉంది. హద్దుకు ఇవతలి పిల్లకు లేదు. ఆరో తరగతి దాటాక ఇవతలి నుంచి అవతలికి వెళ్లిన పిల్లకూ దొరకదు, ఎందుకంటే ఆరు నుంచి పన్నెండు దాకా అక్కడి సర్కారు బడిలోనే చదివి ఉండాలి. ఒక్క ఏడు తప్పినా పోయినట్టే.

పద్నాలుగేళ్లతో విద్యాహక్కు ముగుస్తుంది. ఆ తర్వాతి నాలుగేళ్లే పేద కుటుంబం పిల్లను పనికి పంపే వయసు. 2023 అక్టోబరు 7న అత్తిబెలెలో బాణాసంచా దుకాణం, గోదాము తగలబడ్డప్పుడు ఆ రోజే 14 మంది చనిపోయారు, తర్వాత ఆసుపత్రుల్లో ఇంకొందరు. ఎక్కువమంది తమిళనాడు పల్లెల యువకులు. దీపావళి గిరాకీకి నాలుగు రోజుల కూలి కోసం వచ్చిన విద్యార్థులూ వాళ్లలో ఉన్నారు. దుకాణం లైసెన్సుల మీద చాలా మాట్లాడారు, మాట్లాడాల్సిందే. కళాశాల ఖర్చులకు హద్దు దాటి వచ్చి మందుగుండు పెట్టెలు మోయాల్సిన అవసరం ఎందుకొచ్చిందన్నది విద్యా విధానం చర్చించాల్సిన ప్రశ్న. అక్కడ అది పెద్దగా వినపడలేదు. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్న సూత్రంతో 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో పనిచేసిన ఎం.వి. ఫౌండేషన్, శాంతా సిన్హా చూపించింది ఇదే: పేదరికం వల్ల బడి మానేయడం సహజం అనే నమ్మకాన్ని ముందు విరగ్గొట్టాలి. వాళ్లు పొలాల నుంచి, ఇళ్ల నుంచి పిల్లల్ని తెచ్చి శిబిరాల్లో చదివించి సరైన తరగతిలో కూర్చోబెట్టారు. ఊరంతా ఒప్పుకుంటేనే అది సాగింది. ఊరే లేని వలస వాడల్లో ఆ పని చేసే ఊరు ఎవరు?

సుఖదేవ్ థొరాట్ అధ్యక్షతన కర్ణాటక వేసిన విద్యా విధాన కమిషన్ 2025లో ఇచ్చిన నివేదికలో విద్యాహక్కును 4 నుంచి 18 ఏళ్లకు విస్తరించాలంది. ఐదో తరగతి దాకా కన్నడం లేదా మాతృభాషలో బోధన, రెండు భాషల విధానం సూచించింది. మాతృభాష అన్న ఆ మాటకు అత్తిబెలెలో తెలుగు టీచరును నియమించే అర్థం ఉందో లేదో ఉత్తర్వులు వచ్చినప్పుడు తెలుస్తుంది. మరో పక్క ఒకే ఆవరణలో ఎల్‌కేజీ నుంచి పన్నెండు దాకా ఉండే కర్ణాటక పబ్లిక్ స్కూళ్ల వైపు ప్రభుత్వం మొగ్గుతోంది. పెద్ద బడిలో టీచర్లు నిండుగా ఉంటారు, ప్రయోగశాల ఉంటుంది. దూరం పెరిగితే ముందుగా ఆగిపోయేది వలస కుటుంబాల ఆడపిల్ల.

రేషన్ బియ్యం విషయంలో దేశం ఈ చిక్కును విప్పుకుంది. ఒకే దేశం ఒకే కార్డు కింద 2022 నాటికి అన్ని రాష్ట్రాలూ చేరాయి, కర్నూలు కార్డుతో కర్ణాటకలో బియ్యం తీసుకోవచ్చు. విద్యార్థి వేతనం, తల్లి ఖాతాలో పడే సాయం, కుల ధ్రువపత్రం విషయంలో అలాంటి ఆలోచన ఏ రాష్ట్రానికీ తట్టలేదు. ఆనేకల్ ఎమ్మెల్యేకు ఆ తల్లి ఓటరు కాదు, ఆమె ఓటున్న నియోజకవర్గపు ఎమ్మెల్యేకు ఈ బడి తన పరిధి కాదు.

ఓటరు జాబితాతో పని లేకుండా ఆమెకు చోటున్న సంస్థ ఒక్కటే కనిపిస్తుంది, బడి అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీ. కర్ణాటకలో 2001 నుంచి ఎస్‌డీఎంసీ పేరుతో ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఇలాంటి కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలి. సభ్యత్వానికి కావలసింది ఆ బడిలో పిల్ల చదువుతుండడం, అంతే. ఏ ఊరు, ఏ కార్డు అని అడగరు. సమావేశాలు సాధారణంగా పనిరోజున పెడతారు, వెళితే ఆ రోజు కూలి పోతుంది. ఆదివారం పెట్టి, కన్నడంలో చెప్పింది తెలుగులోనూ తమిళంలోనూ ఒకసారి చెబితే, మరుగుదొడ్డి నీళ్ల సంగతితో మొదలై శాట్స్ నంబరు దాకా అడగాల్సినవి వాళ్ల దగ్గర చాలానే ఉన్నాయి.